డేగగుట్ట మీద పూలపెళ్ళి

నీలగోపురంలో ఆ ఉదయం సన్నాయిలు మోగుతున్నాయి. పెళ్ళికూతురు ఒక పువ్వు, పెళ్ళికొడుకు మరొక పువ్వు. ఏటా జరిగే తంతే కనుక ఆ ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మనం మాత్రం ఎందుకు ఆశ్చర్యపోవాలి?

మట్టి అక్కర్లేకుండా చెట్టుకొమ్మను కరుచుకుని, గాలినీ మంచునూ తాగి బతికే పూలమొక్కలను ఆ దేశంలో బదనికలంటారు. రాజోద్యానం నడిబొడ్డున పన్నెండు స్తంభాల చలువరాతి మండపం, మండపంలో బంగారు గొలుసులకు వేలాడే చందనపు మొద్దు, ఆ మొద్దు మీద రాజహంసి అనే బదనిక. దాని పువ్వు అరచెయ్యంత. వెన్న పూసినట్టు తెల్లని రేకులు, అంచుల్లో లేతగులాబి జీర, నడుమ పసుపు తేలిన పెదవి, ఆ పెదవి పైన వేలెడు పొడవున నిలిచిన దంతపురంగు స్తంభం. రాజు ఉదయార్కుడు రోజూ పొద్దున్నే వచ్చి దానికి నమస్కరించేవాడు. రాణికి కూడా అంత మర్యాద జరగదని అంతఃపురంలో అనుకునేవారు.

ఈ రాజహంసికి ఏటా వసంతంలో అడవి నుంచి ఒక వరుణ్ణి తెచ్చి పెళ్ళి చేస్తారు. రెండు జాతులు కలిసి, సృష్టిలో లేని కొత్త పువ్వు పుట్టాలని వాళ్ళ ముచ్చట. అడవి బదనిక పల్లకీలో వస్తుంది. రాజు స్వయంగా దాని వేళ్ళు కడుగుతాడు. ఆపైన తోటమాలి వెదురుపుల్లతో వరుడి పుప్పొడి ముద్దలు రెండూ తీసి రాజహంసి స్తంభం కొస కింది జిగురుగుంటలో ఉంచుతాడు. రాచబిడ్డ గడప దాటకూడదు, అల్లుడే ఇల్లరికం రావాలి. అది మూడు వందల ఏళ్ళ ఆచారం. ఆ మూడు వందల ఏళ్ళలో ఒక్క కాయా నెల దాటి నిలవలేదు. అది అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

ఆ తోటమాలి పేరు మాచన. ముప్పై ఏళ్ళవాడు, మాట తక్కువ, చెయ్యి నిదానం. ఈ కథలో ప్రాణం మీదికి వచ్చింది అతని అన్న ఎర్రనకి.

మూడేళ్ళ కిందట ధూమాక్షుడనే మాంత్రికుడు రాజహంసిని ఎత్తుకుపోదామని పొగ రూపంలో తోటలోకి వచ్చాడు. కావలి కాస్తున్న ఎర్రన పొగలోకి చెయ్యి పెట్టి, దొరికిన ఎడమచేతిని దొరికినట్టు పట్టుకున్నాడు. రాయివి కమ్మని మాంత్రికుడు శపించాడు. పట్టు వదలలేదు కనుక శాపం ఇద్దరికీ తగిలింది. ఎర్రన తొడల దాకా, మాంత్రికుడు ఎడమచేతి మణికట్టు దాకా ఆ క్షణాన రాయి అయ్యారు. అక్కణ్ణుంచి ఏడాదికి నాలుగువేళ్ళ మేర రాయి పైకి పాకుతోంది. దానికి విరుగుడు కూడా ఆ శాపంలోనే ఉంది. సృష్టిలో లేని పువ్వొకటి తొలిసారి విచ్చినప్పుడు దాని వాసన పీల్చినవాడికి శాపం పోతుంది. పీల్చవలసింది ఒక్కడే. రెండోవాడికి అది ఉత్త పువ్వు.

మాంత్రికుడి మొహం మాత్రం ఎవరూ చూడలేదు.

ఎర్రన మండపం పక్కనే నిలబడి ఉన్నాడు, ఇంకెక్కడికి పోతాడు? బొడ్డు దాకా రాయి. పైనంతా మామూలే, ఆకలితో సహా. కూర్చోలేడు కనుక నిలబడే మాలలు కట్టేవాడు. ముట్టుకుంటే రాయి అంటుకుంటుందని తోటలో ఒక పుకారు పుట్టింది. దానితో మాచన తప్ప అతనికి ముద్ద పెట్టే మనిషి లేడు.

పోయిన ఏడు రాలిన కాయను మాచన నిలువునా కోసి, స్ఫటికపు బిళ్ళతో చూశాడు. అడవి పువ్వు పుప్పొడి నుంచి సాలెపోగుల్లాంటి దారాలు దిగి, రాజహంసి స్తంభంలో బియ్యపుగింజంత దూరం నడిచి, ఆగిపోయి ఉన్నాయి. అడవి పువ్వు స్తంభం పొడవే బియ్యపుగింజంత. దాని పుప్పొడికి అంతవరకే నడక తెలుసు. అడుగున గింజలుండే చోటు దాకా వేలెడు దూరం నడవడం రాజహంసి పుప్పొడికే చేతనవును. అంటే మూడు వందల ఏళ్ళుగా పెళ్ళి తిరగేసి చేస్తున్నారన్నమాట. పొట్టిది తల్లి కావాలి, పొడుగుది తండ్రి కావాలి. రాజహంసే గడప దాటి అడవికి పోవాలి.

ఈ సంగతి రాజుతో చెప్పి తల పోగొట్టుకునేంత అమాయకుడు కాడు మాచన. రాజహంసిది రేకు ముక్క కోట దాటినా చెయ్యి నరికే శిక్ష ఉంది. ఆగడానికి కూడా వీల్లేదు. కాయ పండి, గింజ మొలిచి, మొక్క పూయడానికి అన్నీ కలిపి ఏడేళ్ళు. రాయి ఎర్రన గొంతుకు చేరడానికీ ఏడేళ్ళే. ఈ వసంతం తప్పితే లెక్క చాలదు.

"అన్నా, రెండు రోజులకి సరిపడా సంకటి ఉట్టి మీద పెట్టాను. మజ్జిగ కుండ కుడిపక్కన ఉంది" అన్నాడు మాచన ఆ ఉదయం.

"ఎక్కడికిరా?"

"పెళ్ళికి."

"పెళ్ళి ఇక్కడేగా."

"అసలు పెళ్ళి డేగగుట్ట మీద."

ఎర్రన చేతిలో మాల ఆగింది. "దొరికితే చెయ్యి నరుకుతారు మాచా."

"నరికితే నరకనీ. మిగిలిందీ మిగిలిందీ కలిపితే ఇద్దరం ఒక మనిషికి సరిపోతాం."

"పోనీ, ఈసారన్నా సంకట్లో ఉప్పు వేశావా?" అన్నాడు ఎర్రన. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. అది చూడలేక మాచన మండపంలోకి వెళ్ళిపోయాడు.

పెళ్ళికి ముందు ఒక పని ఉంటుంది. పెళ్ళికూతురి సొంత పుప్పొడి దాని జిగురుగుంటలోనే పడకుండా, తోటమాలి ముందుగా దాన్ని తీసి నీళ్ళచెంబులో వేయాలి. ఉద్యానాధిపతి సోమిదేవయ్య గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు. పెద్దమనిషి. ఎడమచేతికి వాతం కమ్మిందని చెప్పి ఎప్పుడూ శాలువ కప్పుకుంటాడు. పద్ధెనిమిదేళ్ళుగా తోటకు అధిపతి, ఒక్కనాడూ మొక్కను ముట్టుకున్న పాపాన పోలేదు. "నిదానం నాయనా, నిదానం" అన్నాడాయన ఆప్యాయంగా. మాచన నిదానంగానే పుల్ల కొసకు రెండు పసుపుపచ్చని ముద్దలు ఎత్తి, చెంబు మీదుగా చెయ్యి పోనిచ్చి, కింది జిగురు ఆననివ్వకుండా ముద్దల్ని బొటనవేలి గోటి కింద దాచాడు.

జాము పొద్దెక్కేసరికి పెళ్ళి ముగిసింది. పురోహితులంతా సంభావనలు పుచ్చుకుని కోటవాకిలి వైపు బయలుదేరారు. ఆ గుంపు వెనక పట్టుపంచె, భుజాన అరిసెల మూట, చేతిలో అక్షింతల పళ్ళెంతో ఇంకొక పురోహితుడు నడుస్తున్నాడు. నుదుట నిండా విభూతి, మధ్యన కుంకుమ, కుంకుమ మీద అంటుకున్న నాలుగు పచ్చని అక్షింతలు. వాటిలో రెండు బియ్యం. రెండు కావు.

కోటవాకిలి నాయకుడు గుండన ఒక్కొక్కరి మూట విప్పించి, నోరు తెరిపించి, పిలక కూడా విదిలించి చూస్తున్నాడు. మాచన దగ్గరికి వచ్చి మూట, మొలనూలు, చెవులు తడిమాడు. ఏమీ దొరకలేదు.

"స్వామీ, మా ఆవిడకి నెలలు నిండాయి. ఒక అక్షింత ఇచ్చి పొండి" అన్నాడు.

మాచన పళ్ళెం ముందుకు చాపాడు.

"పళ్ళెంలోవి అందరికీ ఇచ్చేవే. ఆ నుదుటి మీదివి మంత్రం తగిలినవి" అంటూ గుండన చెయ్యెత్తాడు.

మాచన తల వెనక్కి తీసుకున్నాడు. "ఆగవోయ్. నీ చేత్తో తీస్తే మైల పడుతుంది" అని తనే తడుముకుని, బియ్యమేదో పుప్పొడేదో వేలికొసతో పోల్చుకుని, ఒక గింజ ఊడదీసి ఇచ్చాడు. గుండన దాన్ని కళ్ళకద్దుకుని తలపాగాలో దాచుకున్నాడు. అది బియ్యమే. ఆ బిడ్డ చల్లగా పుట్టాలని మాచన మనసారా కోరుకుని గడప దాటాడు.

బదనిక పుప్పొడికి కింద చిన్న జిగురు అట్ట ఉంటుంది. దాన్ని ఎక్కడ ఆననిస్తే అక్కడ బిగుసుకుంటుంది. కడిగినా పోదు, గోకినా రాదు. పుల్లతో ఓపిగ్గా లేపితే ముద్ద వస్తుంది కాని, రెండోసారి పువ్వు జిగురుగుంటలో తప్ప ఇంకెక్కడా నిలవదు. అందుకని తీయడమంటూ జరిగితే ఒక్కసారే, అదీ అడవి పువ్వు ముందరే. అంతదాకా చెమట పట్టకూడదు. చెమట పడితే పుప్పొడి నానుతుంది, నానితే చచ్చిపోతుంది, అది చస్తే అన్న రాయి. కనుక మన కథానాయకుడు పరుగెత్తడానికి వీల్లేదు. సాహసయాత్రకు బయలుదేరినవాడికి ఇంతకంటే ఇబ్బంది ఉండదు.

అడవి మొదట్లోనే ఎలుగుబంటి ఎదురైంది. మాచన నుదుటికి ఇంకాస్త విభూతి అద్దుకుని, పెళ్ళిమంత్రాలు చదువుతూ దాని పక్కనుంచే మెల్లగా నడిచిపోయాడు. పారిపోయే మనుషుల్ని తప్ప ఎరగని ఆ జంతువు ఏమీ తోచక అలాగే నిలబడిపోయింది. ఆ తరవాత ఏరు. మెడలోతు నీటిలో తల పైకెత్తి నడుస్తుంటే మొసలి కదిలింది. అరిసెల మూట దాని నోట్లోకి విసిరాడు. పాకం గట్టిపడిన రాజుగారి అరిసెలు! అవి నమిలి మింగేలోగా అతను ఒడ్డెక్కాడు. మర్నాడు పొద్దెక్కేసరికి డేగగుట్ట కొన మీద ఉన్నాడు.

ఆ గుట్ట ఒకవైపు నిలువునా తెగిన నల్లరాయి. రెండు తాటిచెట్ల లోతున ఒక అరుగు, ఆ అరుగు పగులులోంచి వంగి పెరిగిన ముసలి మద్దిచెట్టు, దాని కింద ఇంకా పాతాళం. అడుగున ఏరు వెండితీగలా మెరుస్తోంది. మద్దికొమ్మ మీద నిప్పురవ్వ అనే బదనిక ఎర్రగా పూసి ఉంది. గోరంత పువ్వులు, నలభై ఒకటి. దాని వాసన గుట్ట కొన దాకా వస్తోంది. చుట్టుపక్కల కొండముచ్చుల మంద ఒకటి కూర్చుని ఏం తిందామా అని చూస్తోంది.

మాచన దారిలో అడవినారతో పేనిన తాడు బండకు కట్టి, అంచెలంచెలుగా దిగాడు. సగం దిగేసరికి చెవి దగ్గర ఝుమ్మని మోత. బొటనవేలంత నల్లతుమ్మెద ఒకటి తిన్నగా అతని నుదుటి మీదికి దూసుకొచ్చింది. రెండు చేతులూ తాడు మీద ఉన్నాయి. మొహం రాతికేసి తిప్పుకున్నాడు. అది మళ్ళీ వచ్చింది. మామూలు తుమ్మెద మనిషి నుదురు వెతుక్కుంటూ రాదు. దాని ఆరు కాళ్ళలో ముందరి ఎడమకాలు మిగతావాటిలా ముడుచుకోకుండా, బూడిదరంగులో బిర్రబిగిసి ఉంది. ధూమాక్షుడే, పుప్పొడి తనే ఎత్తుకుపోవాలని వచ్చాడు. పక్షి రూపమెత్తితే ఒక రెక్క రాయై కింద పడతాడు. తుమ్మెదకైతే ఆరు కాళ్ళు, ఒకటి రాయైతేనేం?

అయితే ఏ రూపమెత్తితే ఆ రూపం బుద్ధి కూడా అంటుకుంటుంది. మూడోసారి చుట్టు తిరిగి వస్తుండగా నిప్పురవ్వ వాసన తుమ్మెద మొహానికి కొట్టింది. అంతే, వచ్చిన పని మరిచిపోయింది. ఒక పువ్వులో తల దూర్చి, కొంతసేపు మైమరిచి, వెనక్కి వచ్చింది. తల మీద కొమ్ముల్లా రెండు నేరేడురంగు పుప్పొడి ముద్దలు అంటుకున్నాయి. రాజహంసి పుప్పొడి పసుపు, నిప్పురవ్వది నేరేడు రంగు. తుమ్మెద మత్తుగా ఊగుతూ గుట్ట మీదికి ఎగిరిపోయింది.

మాచన అరుగు మీద కాళ్ళు ఆనించి, ఊపిరి తీసుకుని, వెదురుపుల్లతో నుదుటి మీది రెండు ముద్దల్నీ లేపాడు. పొడిగా ఉన్నాయి. ఒక పువ్వును ఎంచుకుని, దాని సొంత పుప్పొడి తీసేసి, రాజహంసి పుప్పొడిని జిగురుగుంటలో ఒత్తాడు. సన్నాయి లేదు, పాదపూజ లేదు. మూడు వందల ఏళ్ళుగా కాని పెళ్ళి ఎక్కాలు రెండు చదివేంతలో అయిపోయింది. అది ఎన్నో పువ్వో ఈ కథ చెప్పేవాడికి కూడా అతను చెప్పలేదు.

పైకి వచ్చేసరికి గుర్రం పక్కన సోమిదేవయ్య నిలబడి ఉన్నాడు, ఒంటరిగా.

"నాయనా మాచా, భటులకంటే ముందు నేనే రావాలని ఆదరాబాదరా వచ్చాను. నిన్ను కాపాడే పూచీ నాది" అన్నాడాయన. "పని అయిందా?"

"అయింది అయ్యగారూ."

"ఏ పువ్వులో?"

మాచన తలెత్తి చూశాడు. సోమిదేవయ్య నుదుట విభూతి రేఖల మధ్య రెండు నేరేడురంగు చుక్కలు ఉన్నాయి. రుద్దిరుద్ది చుట్టూ చర్మం కందిపోయింది కాని, అవి మాత్రం చెక్కు చెదరలేదు. మొక్క ముట్టని మనిషికి ఆ జిగురు సంగతి తెలియదు పాపం. శాలువ కింద ఎడమచెయ్యి ఎప్పటిలాగే కదలకుండా ఉంది. మూడేళ్ళుగా అన్న పక్కన నిలబడి అయ్యో అన్న మనిషి. నిన్న చెంబు దగ్గర గోటి కింద దాచినదీ ఆయన కళ్ళబడే ఉంటుంది. మాచన కోపం కనబడకుండా కళ్ళు దించుకున్నాడు.

"గుర్తుకి నూలుపోగు కట్టడం మరిచిపోయానండి. కట్టకపోతే రేపు నాకే తెలీదు. ఒక్క క్షణం, దిగి కట్టొస్తాను."

"కట్టు, కట్టు. గుర్తు ఉండాలి" అన్నాడు సోమిదేవయ్య సంతోషంగా.

మాచన మళ్ళీ దిగాడు. పుప్పొడి అందిన బదనిక పువ్వు ఇక ఎవరినీ పిలవదు. పొద్దు వాలకముందే రేకులు వాల్చి, వాసన మానేస్తుంది. నూలు కట్టినా కట్టకపోయినా నలభై ఒక్కింటిలో అదొక్కటీ వాలిపోయి తనే చెబుతుంది. అందుకని మాచన పుల్ల తీసి, మిగిలిన నలభై పువ్వులకూ వాటి పుప్పొడి వాటికే, తుమ్మెద దోచుకున్నదానికి పక్కదాని ముద్దొకటి పెట్టుకుంటూ పోయాడు. ఒక తల్లి మీద నలభై ఒక్క కాయలు నిలబెట్టడం ఏ తోటమాలీ చేయకూడని పని, మొక్క ఎండిపోవచ్చు. ఒక్కో పువ్వు దగ్గరా అతనికి ప్రాణం చివుక్కుమంది. అయినా ఆపలేదు. ఉత్తరీయం పోగులు తీసి నలభై ఒక్కటికీ కట్టాడు.

"ఇంకా ఎంతసేపు?" అని పైనుంచి కేక.

"అయిపోవచ్చిందండి" అన్నాడు మాచన.

పొద్దు పడమటికి తిరిగింది. ఒకటొకటిగా, చివరికి అన్నీ, ఎర్రపూలు తలలు వాల్చాయి. వాసన తెగిపోయింది. పైనుంచి తొంగిచూసిన సోమిదేవయ్యకు సంగతి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఆ తరవాత తాడు సర్రున పైకి పోయింది.

"నుదుటి మీదివి పోవండి ధూమాక్షయ్యగారూ. ఆ చర్మం ఊడిందాకా ఉంటాయి" అన్నాడు మాచన.

మాంత్రికుడు నుదురు తడుముకుని తాపీగా మాట్లాడాడు. "తెలివైనవాడివే. నాకూ ఏడేళ్ళే గడువు, నీ అన్నకీ ఏడేళ్ళే. ఏ కాయో చెప్పిందాకా నువ్వు అక్కడే ఉండు. నీకు రోజూ అన్నం నేను దించుతాను. ఆకలితో చావనివ్వను. కాని మాచా, మీ అన్నకి అన్నం ఎవరు పెడతారు?"

మాచన అన్ని లెక్కలూ వేసుకున్నాడు కాని, ఈ లెక్క వేసుకోలేదు. ఉట్టి మీది సంకటి ఈ పూటతో సరి. మజ్జిగ రేపటికి పులుస్తుంది. ఎర్రన నిలబడే ఉంటాడు. మాలలు కడుతూ, ఎవరన్నా అటు వస్తారేమోనని చూస్తాడు. ఎవరూ రారు. ముట్టుకుంటే రాయవుతారన్న పుకారు ఎవరు పుట్టించి ఉంటారో మాచనకు ఇప్పుడు తెలిసింది.

అరుగు అంచుకు వెళ్ళి కిందికి చూశాడు. తాడు లేదు, మెట్లు లేవు. నల్లరాతిలో అక్కడక్కడా వేలు పట్టే పగుళ్ళు, వాటికి వేలాడే మద్దివేళ్ళు, అడుగున ఏరు. పంచె బిగించి కట్టుకుని కాలు కిందికి దించాడు.

"ఎక్కడికిరా?" పైనుంచి గొంతు మారింది.

"అన్నం పెట్టడానికి."

"కాయలో?"

"నలభై ఒకటున్నాయి. తొమ్మిది నెలలు కాపలా కాయాలి. ఏది రాలినా అదే అయి ఉండొచ్చు, జాగ్రత్త. అదుగో, కొండముచ్చులు దిగుతున్నాయి."

అతను పగులులో వేళ్ళు దూర్చి దిగసాగాడు. ఇప్పుడు ఎంత చెమట పట్టినా ఫరవాలేదు, పట్టింది కూడా. పది నిలువులు దిగాక కాలి కింది రాయి ఊడి, చాలాసేపటికి ఏట్లో పడిన చప్పుడు వినిపించింది. ఒక్క చేత్తో మద్దివేరు పట్టుకుని గాలిలో వేలాడాడు. వేరు పీచులు ఒకటొకటిగా తెగుతున్నాయి.

అప్పుడు పైనుంచి, మూడు రాజ్యాలను గడగడలాడించిన మాంత్రికుడి గొంతు వినిపించింది. "హుష్. హుష్, పో."

మాచన రెండో చెయ్యి చాచి పగులు కోసం వెతుక్కున్నాడు.